సోర్సు లేని జావా క్లాసు: డీకంపైల్ చేయడం, డీబగ్ చేయడం, సరిచేయడం

జార్ (కంపైలైన జావా క్లాసుల కట్ట) ఉంది, సోర్సు లేదు. స్టాక్ ట్రేస్ ఆ జార్‌లోని క్లాసునే వేలెత్తి చూపుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ఏదో ఒక డీకంపైలర్‌లో జార్ తెరిచి, కనిపించిన జావా కోడ్‌నే అసలు సోర్సు అనుకుని చదవడం మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. డీకంపైలర్ చూపించేది బైట్‌కోడ్‌ను (సోర్సును కంపైల్ చేస్తే క్లాసు ఫైల్‌లో చేరే ఇన్‌స్ట్రక్షన్లను) బట్టి అది వేసిన అంచనా మాత్రమే. జావా ప్రోగ్రామ్‌ను నడిపే జేవీఎం తీసుకునేది బైట్‌కోడ్‌ను. రెండూ కలవని చోట బైట్‌కోడ్ చెప్పిందే నిజం. కాబట్టి ఒక్క టూల్‌తో ఈ పని తెమలదు. బైట్‌కోడ్‌ను ఉన్నదున్నట్టు చూపే డిస్‌అసెంబ్లర్, దాన్ని చదవగలిగే జావాగా మార్చే డీకంపైలర్, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి చూసే డీబగ్గర్, ఈ మూడూ పక్కపక్కనే ఉండాలి. మూడూ ఓపెన్ సోర్సులో దొరుకుతాయి.

ఇక్కడ కమాండ్లను, ఆప్షన్లను పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పని మొదలుపెట్టే ముందు ఆ జార్ లైసెన్సు చదవండి. కొన్ని లైసెన్సులు రివర్స్ ఇంజినీరింగ్‌ను ఒప్పుకోవు.

ముందు అసలు క్లాసును పట్టుకోవాలి

ఒకే పేరున్న క్లాసు రెండు జార్లలో ఉండటం మామూలే. మీరు డీకంపైల్ చేసింది ఒకటి, జేవీఎం లోడ్ చేసింది మరొకటి అయితే గంటలు వృథా. జేడీకే (జావా డెవలపర్లు వాడే టూల్ కిట్) 9, ఆ పై వెర్షన్లలో ప్రోగ్రామ్‌ను ఇలా నడపండి:

జావా -ఎక్స్‌లాగ్:క్లాస్+లోడ్ -సీపీ యాప్.జార్ కామ్.యాప్.మెయిన్

లోడైన ప్రతి క్లాసు పక్కన అది ఏ ఫైల్ నుంచి వచ్చిందో 'సోర్స్' అని పడుతుంది. మీ క్లాసు పేరును గ్రెప్ చేస్తే చాలు. జేడీకే 8లో అయితే -వర్బోస్:క్లాస్ వాడాలి.

జార్ లోపల కూడా రెండు మలుపులున్నాయి. స్ప్రింగ్ బూట్ జార్‌లో మీ క్లాసులు బూట్-ఇన్ఫ్/క్లాసెస్ కింద, లైబ్రరీలు బూట్-ఇన్ఫ్/లిబ్ కింద జార్లుగానే ఉంటాయి. జార్ లోపలి జార్‌లోకి అన్ని డీకంపైలర్లూ దిగవు. అందుకని ముందే 'జార్ ఎక్స్ఎఫ్'తో విప్పేసి, కావాల్సిన లోపలి జార్‌ను విడిగా ఇవ్వడం మేలు. రెండోది మల్టీ-రిలీజ్ జార్. మెటా-ఇన్ఫ్/వెర్షన్స్/11 లాంటి ఫోల్డర్ ఉంటే, జావా 11 మీదా ఆ తర్వాతి వాటి మీదా నడిచేటప్పుడు జార్ పై మెట్టులో అదే పేరుతో ఉన్న క్లాసుకు బదులు ఆ ఫోల్డర్‌లోని క్లాసు లోడవుతుంది.

జావాప్‌తో మొదలు

జావాప్ అనే డిస్‌అసెంబ్లర్ జేడీకేతోనే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

జావాప్ -వి -పి -సీపీ యాప్.జార్ కామ్.యాప్.బిల్లు

-పి మరిచిపోతే ప్రైవేట్ మెథడ్లు కనిపించవు. 'ఆ మెథడ్ క్లాసులో లేనేలేదే' అన్న అయోమయానికి చాలాసార్లు ఇదే కారణం. లోపలి క్లాసు పేరులో డాలర్ గుర్తు ఉంటుంది కాబట్టి పేరును సింగిల్ కోట్స్‌లో పెట్టండి. లేకపోతే డాలర్ తర్వాతి భాగాన్ని షెల్ తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది.

అవుట్‌పుట్ పొడుగ్గా వస్తుంది. మొదట చూడాల్సినవి మూడే. ఒకటి మేజర్ వెర్షన్: అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. రెండోది లైన్‌నంబర్‌టేబుల్: ఇది ఉంటేనే లైన్ల మీద బ్రేక్‌పాయింట్లు పడతాయి. మూడోది లోకల్‌వేరియబుల్‌టేబుల్: ఇది ఉంటేనే లోకల్ వేరియబుల్స్ పేర్లు తెలుస్తాయి. జావా కంపైలర్ జావాసీని ఏ ఆప్షనూ లేకుండా నడిపితే లైన్ నంబర్లు, సోర్స్ ఫైల్ పేరు మాత్రమే క్లాసులోకి ఎక్కుతాయి. వేరియబుల్ పేర్లు ఎక్కాలంటే -జి ఇవ్వాలి. ఈ మూడు సంగతులూ తెలిస్తే డీబగ్గింగ్ ఎంతవరకు సాగుతుందో ముందే తేలిపోతుంది.

బైట్‌కోడ్ చదవడం ఎందుకో ఒక చిన్న మెథడ్‌తో చూద్దాం. ఇది రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను తీసుకుని అవి సమానమా కాదా చెప్పే స్టాటిక్ మెథడ్. డీకంపైలర్ దీన్ని 'రిటర్న్ ఎ == బి' అని ఒక్క లైన్‌లో చూపిస్తుంది. జావాప్ చూపేది ఇది:

0: ఎలోడ్_0
1: ఎలోడ్_1
2: ఇఫ్_ఎసీఎంపీఎన్ఈ 9
5: ఐకాన్‌స్ట్_1
6: గోటూ 10
9: ఐకాన్‌స్ట్_0
10: ఐరిటర్న్

ఎడమ పక్కన ఉన్నవి వరుస నంబర్లు కావు, మెథడ్ మొదలు నుంచి లెక్కించిన బైట్లు. ఇఫ్, గోటూ ఇన్‌స్ట్రక్షన్లు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి కాబట్టి 2 తర్వాత 5, 6 తర్వాత 9 వచ్చాయి. ఇప్పుడు 2 దగ్గర ఇన్‌స్ట్రక్షన్ పేరు చూడండి. 'ఇఫ్' తర్వాత 'ఎ' ఉంది. అంటే పోలుస్తున్నది రెండు రిఫరెన్సులను: లోపలి విలువలు ఒకటేనా అని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. అంకెలను పోలుస్తుంటే అక్కడ 'ఐ' ఉండేది: ఇఫ్_ఐసీఎంపీఎన్ఈ. ఇంటీజర్.వేల్యూఆఫ్ అన్నది -128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు ముందే తయారుచేసి పెట్టుకున్న ఆబ్జెక్టులనే ఇస్తుంది. అందువల్ల 100ను 100తో పోలిస్తే ఈ మెథడ్ సరిగ్గా చెబుతుంది. మామూలు సెట్టింగ్స్‌తో 200ను 200తో పోలిస్తే తప్పు చెబుతుంది. చిన్న అంకెలతో రాసిన టెస్టులన్నీ పాసై, ప్రొడక్షన్‌లో మాత్రం తేడా వచ్చే రకం బగ్ ఇది. డీకంపైల్ అయిన కోడ్‌లో టైపులు తప్పుగా ఊహించి ఉంటే '==' ను చూసి దీన్ని కనిపెట్టలేరు. ఒక్క 'ఎ' అక్షరం పట్టిస్తుంది.

టెర్మినల్‌లో ఇంత చదవడం కష్టమనిపిస్తే జేక్లాస్‌లిబ్ వాడండి. కాన్‌స్టంట్ పూల్ (క్లాసు వాడే పేర్లు, విలువల పట్టిక), మెథడ్లు, అట్రిబ్యూట్లు అన్నీ ట్రీలా విప్పి చూపిస్తుంది.

డీకంపైలర్లు: ఒకటి చాలదు

మా సలహా, సీఎఫ్ఆర్, వైన్‌ఫ్లవర్ రెండూ దగ్గర పెట్టుకోండి. రెండూ ఒక్కో జార్ ఫైలే.

జావా -జార్ సీఎఫ్ఆర్.జార్ యాప్.జార్ --అవుట్‌పుట్‌డిర్ బయటికి

జావా -జార్ వైన్‌ఫ్లవర్.జార్ యాప్.జార్ బయటికి2

ఇంటెల్లిజె లోపల ఉండే డీకంపైలర్ ఫెర్న్‌ఫ్లవర్. దాని నుంచి విడిపోయి పెరిగిందే వైన్‌ఫ్లవర్. రికార్డులు, ప్యాటర్న్ మ్యాచింగ్ లాంటి కొత్త జావా సంగతులను బాగా తిరగరాస్తుంది. సీఎఫ్ఆర్ బలం దాని ఆప్షన్లలో ఉంది. ఒక మెథడ్ అనుమానంగా కనిపిస్తే --డీకోడ్‌లాంబ్డాస్ ఫాల్స్ అని ఇచ్చి, లాంబ్డాలను కప్పిపెట్టకుండా చూపించమని అడగొచ్చు. జార్ పెద్దదైతే --జార్‌ఫిల్టర్‌తో కావాల్సిన ప్యాకేజీకే పరిమితం చేయొచ్చు. ప్రోసియాన్ కూడా మంచిదే, మూడో అభిప్రాయం కావాల్సినప్పుడు పనికొస్తుంది. జేడీ-గుయ్ త్వరగా తెరిచి చూడటానికి సులువు, కానీ కొత్త జావా క్లాసుల దగ్గర తడబడుతుంది. బైట్‌కోడ్ వ్యూయర్‌లో ఇలాంటి డీకంపైలర్ల అవుట్‌పుట్‌ను ఒకే కిటికీలో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లో ఉండేది డెక్స్ అనే వేరే ఫార్మాట్, క్లాస్ ఫైళ్లు కావు. దానికి జాడ్ఎక్స్ వాడాలి.

రెండు డీకంపైలర్లు ఒక మెథడ్‌ను ఒకేలా రాస్తే దాన్ని దాదాపుగా నమ్మొచ్చు. వేర్వేరుగా రాస్తే వెంటనే జావాప్‌కు వెళ్లండి. ఎక్కడ తేడాలు వస్తాయో ముందే తెలిసి ఉంటే వెతుకులాట తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, డిపెండెన్సీలు ఇవ్వకపోవడం. సీఎఫ్ఆర్ ఫైల్ పైన కామెంట్‌లో 'ఈ క్లాసులు లోడ్ చేయలేకపోయాను' అని జాబితా రాస్తుంది. జనం దాన్ని పట్టించుకోకుండా కిందికి వెళ్లిపోతారు. పేరెంట్ క్లాసు ఏదో తెలియకపోతే డీకంపైలర్ అక్కర్లేని క్యాస్టులు పెడుతుంది, కొన్ని వేరియబుల్స్‌ను ఉత్త ఆబ్జెక్ట్‌గా ప్రకటిస్తుంది. సీఎఫ్ఆర్‌కు --ఎక్స్‌ట్రాక్లాస్‌పాత్‌తో, వైన్‌ఫ్లవర్‌కు -ఇ=లైబ్రరీ.జార్ అని లైబ్రరీలు చూపించండి. అవుట్‌పుట్ ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

ఫైనల్లీ బ్లాకును జావాసీ ప్రతి దారి చివరా విడివిడిగా కాపీ చేస్తుంది. ఆ కాపీలను డీకంపైలర్ మళ్లీ ఒకటిగా కలపలేకపోతే అదే కోడ్ రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. అది అసలు రాసినవాళ్ల పొరపాటు కాదు. స్ట్రింగ్ మీద స్విచ్ కూడా ఇలాంటిదే. బైట్‌కోడ్‌లో అది ముందు హ్యాష్‌కోడ్ మీద ఒక స్విచ్, తర్వాత ఈక్వల్స్ పోలికలు, ఆపైన మరో స్విచ్‌గా ఉంటుంది. కలపలేకపోతే అర్థం లేని పెద్ద అంకెలతో కేసులు కనిపిస్తాయి. అవి స్ట్రింగుల హ్యాష్ విలువలు. జావా 9 నుంచి స్ట్రింగుల కూడిక కూడా స్ట్రింగ్‌బిల్డర్ ద్వారా కాకుండా ఇన్వోక్‌డైనమిక్ అనే ఇన్‌స్ట్రక్షన్ ద్వారా జరుగుతుంది. పాత డీకంపైలర్లు దాన్ని చూసి చేతులెత్తేస్తాయి.

సీఎఫ్ఆర్ ఎక్కడైనా '** గోటూ' అని రాసిందంటే, ఆ మెథడ్‌ను పూర్తిగా లూపులు, ఇఫ్‌లుగా పేర్చలేకపోయిందని అర్థం. అలాంటి కోడ్ కంపైల్ కాదు, చదివి ఒక నిర్ణయానికి రావడమూ మంచిది కాదు. ఆ ఒక్క మెథడ్‌ను వైన్‌ఫ్లవర్‌లో చూడండి, అదీ కాకపోతే బైట్‌కోడ్‌లోనే చదవండి. కోట్లిన్‌లో రాసిన క్లాసు అయితే చాలా మెథడ్ల మొదట్లో ఇంట్రిన్సిక్స్ అనే క్లాసు మీద నల్ చెక్కులు వరుసగా వస్తాయి. అవి కంపైలర్ పెట్టినవి, వాటిని దాటుకుని చదవండి.

అబ్‌ఫస్కేట్ చేసిన (చదవడం కష్టమయ్యేలా పేర్లు మార్చేసిన) జార్‌లో క్లాసుల పేర్లు చిన్న ఎ, పెద్ద ఎ లాంటివి ఉంటాయి. విండోస్‌లోనూ, మామూలుగా మ్యాక్‌లోనూ ఫైల్‌సిస్టమ్ పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలకు తేడా చూడదు. అందుకే జార్‌ను విప్పితే ఒక క్లాసు మీద మరొకటి పడి మొదటిది పోతుంది. జార్‌ను విప్పకుండా నేరుగా డీకంపైలర్‌కు ఇచ్చి, సీఎఫ్ఆర్ అయితే --కేస్‌ఇన్‌సెన్సిటివ్‌ఎఫ్ఎస్ ట్రూ కూడా జోడించండి. ప్రోగార్డ్ అనే అబ్‌ఫస్కేటర్ వాడిన జార్ మీ టీమ్‌దే అయితే ఆ బిల్డ్‌లో వచ్చిన మ్యాపింగ్ ఫైల్ కోసం వెతకండి. దాన్ని, స్టాక్ ట్రేస్‌ను కలిపి ప్రోగార్డ్ వాళ్ల రీట్రేస్ టూల్‌కు ఇస్తే అసలు పేర్లు తిరిగొస్తాయి.

నడుస్తుండగా ఆపి చూడటం

జేవీఎంకు డీబగ్గర్ తగిలించే దారి జేడీడబ్ల్యూపీ. ప్రోగ్రామ్‌ను ఇలా మొదలుపెట్టండి:

-ఏజెంట్‌లిబ్:జేడీడబ్ల్యూపీ=ట్రాన్స్‌పోర్ట్=డీటీ_సాకెట్,సర్వర్=వై,సస్పెండ్=వై,అడ్రస్=5005

సస్పెండ్=వై అంటే డీబగ్గర్ వచ్చేదాకా మెయిన్ మొదలవదు. స్టార్టప్‌లో వచ్చే సమస్యలకు ఇదే కావాలి. సర్వర్ యాప్ మీద పొరపాటున ఇలాగే వదిలేస్తే అది ఎప్పటికీ లేవదు. మిగతా సందర్భాలకు సస్పెండ్=ఎన్ చాలు. జేడీకే 9 నుంచి పోర్టు ఒక్కటే ఇస్తే అది అదే మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లనే వింటుంది. కంటైనర్ బయటి నుంచి తగిలించాలంటే *:5005 అని రాయాలి. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. జేడీడబ్ల్యూపీకి పాస్‌వర్డ్ లాంటిదేమీ లేదు. ఆ పోర్టు అందినవాళ్లు మీ జేవీఎంలో తమకు నచ్చిన కోడ్ నడిపించగలరు. నెట్‌వర్క్‌కు తెరిచి పెట్టకండి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారానే వెళ్లండి.

జేడీకేలోని డీబగ్గర్ జేడీబీ చూడటానికి మోటుగా ఉన్నా సోర్సు లేని చోట నమ్మకంగా పనిచేస్తుంది. 'జేడీబీ -అటాచ్ 5005'తో తగిలించాక 'స్టాప్ ఇన్ కామ్.యాప్.బిల్లు.లెక్క' అని మెథడ్ పేరుతో ఆపండి. అదే పేరుతో ఇంకో మెథడ్ ఉంటే బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ టైపులు కూడా ఇవ్వాలి. క్లాసు ఇంకా లోడవకపోతే 'డిఫరింగ్' అని చెప్పి గుర్తుపెట్టుకుంటుంది, అది ఎర్రర్ కాదు. ఆగిన తర్వాత 'వేర్' స్టాక్‌ను చూపుతుంది, 'లోకల్స్' వేరియబుల్స్‌ను చూపుతుంది, 'స్టెప్‌ఐ' ఒక్క బైట్‌కోడ్ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం ముందుకు వెళుతుంది. లైన్‌నంబర్‌టేబుల్ లేని క్లాసులో అడుగులు వేయడానికి ఈ స్టెప్‌ఐ చాలా ఉపయోగం. పక్కన జావాప్ అవుట్‌పుట్ తెరిచి పెట్టుకుని ఎన్నో ఇన్‌స్ట్రక్షన్ దగ్గరున్నామో చూసుకుంటూ వెళ్లొచ్చు.

-జి లేకుండా కంపైలైన క్లాసులో 'లోకల్స్' అడిగితే సమాచారం లేదంటుంది. అయినా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫీల్డుల పేర్లు క్లాసులో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి 'డంప్ దిస్' పనిచేస్తుంది. నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ అయితే జేడీకే 15 నుంచి మెసేజ్‌లోనే ఏది నల్ అయిందో వస్తుంది. పేర్లు లేని క్లాసులో అది 'లోకల్4' అని స్లాట్ నంబరు చెబుతుంది. ఆ 4ను పట్టుకుని జావాప్‌లో ఎస్టోర్ 4 ఎక్కడుందో వెతికితే ఆ విలువ ఏ కాల్ నుంచి వచ్చిందో దొరుకుతుంది.

లైన్ నంబర్ల తికమక అందరికీ ఎదురవుతుంది. డీబగ్గర్ ఆగేది అసలు సోర్సు లైన్ల ప్రకారం. మీ ముందున్న డీకంపైల్డ్ ఫైల్‌లో లైన్లు వేరు. 120వ లైన్‌లో ఆగానంటుంది, మీ ఫైల్‌లో 120వ లైన్ ఒట్టి బ్రాకెట్. ఇంటెల్లిజె తన డీకంపైలర్ అవుట్‌పుట్‌కు లైన్లు జతచేసుకుంటుంది కాబట్టి అందులో బ్రేక్‌పాయింట్లు చాలావరకు సరిగ్గానే పడతాయి. జేడీ-గుయ్‌లో లైన్లను అసలు స్థానాలకు సర్దే ఆప్షన్ ఉంది. అది పెట్టి సేవ్ చేసిన ఫైళ్లను ఏ డీబగ్గర్‌కైనా సోర్సుగా చూపించొచ్చు.

వీటన్నిటికంటే మాకు నమ్మకమైన దారి మరొకటి. అనుమానమున్న ఒక్క క్లాసును డీకంపైల్ చేసి, తిరిగి కంపైల్ చేయండి:

జావాసీ -జి --రిలీజ్ 8 -సీపీ యాప్.జార్ -డి ప్యాచ్ బిల్లు.జావా

ఇప్పుడు లైన్లూ, వేరియబుల్ పేర్లూ మీ ఫైల్‌తో పూర్తిగా కలుస్తాయి. రిలీజ్ అంకె మేజర్ వెర్షన్‌ను బట్టి ఇవ్వండి. అయితే ఈ కొత్త క్లాసు పాతదానిలాగే నడుస్తుందని తేల్చుకున్నాకే డీబగ్గింగ్ మొదలుపెట్టాలి. రెండిటికీ జావాప్ -సి -పి నడిపి డిఫ్ చేయండి. కాన్‌స్టంట్ పూల్ నంబర్లు ఎలాగూ మారతాయి, హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ఆ అంకెలను సెడ్‌తో తీసేశాక పోల్చండి. లోకల్ స్లాట్ల నంబర్లు అటూఇటూ మారితే నష్టం లేదు. ఇన్వోక్ ఇన్‌స్ట్రక్షన్లు, పోలికలు, క్యాస్టులు మారితే మాత్రం అది వేరే ప్రోగ్రామ్.

ప్రొడక్షన్‌లో ఆపడం కుదరనప్పుడు ఆర్థాస్ వాడండి. దాని 'జాడ్' కమాండ్ నడుస్తున్న జేవీఎంలో ఉన్న క్లాసునే డీకంపైల్ చేస్తుంది. రన్‌టైమ్‌లో పుట్టిన ప్రాక్సీ క్లాసులు డిస్క్ మీద ఉండవు, వాటిని చూసేందుకు ఇది మంచి దారి. 'వాచ్' కమాండ్‌కు -ఇ ఇస్తే ఎక్సెప్షన్ వచ్చినప్పుడు మాత్రమే ఆర్గ్యుమెంట్ల విలువలు చూపుతుంది, -ఎక్స్ 2 అంటే ఆబ్జెక్టును రెండు మెట్ల లోతు విప్పుతుంది. జేవీఎం ఏ యూజర్ కింద నడుస్తోందో అదే యూజర్‌గా ఆర్థాస్‌ను నడపాలి, లేకపోతే అటాచ్ కాదు.

బైట్‌కోడ్‌నే సరిచేయడం

క్లాసు తిరిగి కంపైల్ అయితే పని సులువు. కాకపోతే బైట్‌కోడ్‌నే మార్చాలి. రీకాఫ్ అనే బైట్‌కోడ్ ఎడిటర్‌లో మెథడ్ తెరిచి ఇన్‌స్ట్రక్షన్లు నేరుగా ఎడిట్ చేయొచ్చు, స్టాక్‌మ్యాప్ ఫ్రేములను (దూకి చేరే చోట స్టాక్ మీదా లోకల్స్‌లోనూ ఏ టైపులుండాలో జేవీఎంకు చెప్పే నోట్లను) అదే లెక్కగడుతుంది. టెక్స్ట్ ఫైళ్లతో పని ఇష్టమైతే క్రాకటావ్ ఉంది. డిస్‌అసెంబుల్ చేసి, ఎడిట్ చేసి, అసెంబుల్ చేయడమే.

పైన చూసిన ఇంటీజర్ మెథడ్‌నే తీసుకుందాం. ఇఫ్_ఎసీఎంపీఎన్ఈ నుంచి ఐకాన్‌స్ట్_0 వరకు నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు తీసేసి, వాటి స్థానంలో ఇన్వోక్‌స్టాటిక్‌తో జావా/యుటిల్/ఆబ్జెక్ట్స్‌లోని ఈక్వల్స్‌ను పిలవండి. ఇంటీజర్ సొంత ఈక్వల్స్ ఎందుకు వద్దంటే, పాత '==' నల్ వచ్చినా పడిపోయేది కాదు. ఆబ్జెక్ట్స్.ఈక్వల్స్ కూడా నల్‌ను తట్టుకుంటుంది. ఇప్పుడు మెథడ్‌లో దూకుళ్లు లేవు కాబట్టి ఫ్రేములూ అక్కర్లేదు. క్రాకటావ్ ఫైల్‌లో 9, 10 దగ్గర ఉన్న .స్టాక్ లైన్లను కూడా తీసేయాలి. మెథడ్ ఆకారానికి సరిపడని ఫ్రేములు మిగిలిపోతే వెరిఫైఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మెసేజ్‌ను చివరిదాకా చదవండి. ఏ బైట్ దగ్గర, స్టాక్ మీద ఏ టైపు ఉండాల్సింది, ఏది ఉంది అన్నది అందులోనే రాసి ఉంటుంది. వెరిఫికేషన్‌ను ఆపేసి గట్టెక్కుదామని చూడకండి. తప్పు బైట్‌కోడ్ జేవీఎంనే కూల్చేయగలదు.

మార్చిన క్లాసును జార్‌లోకి తోయకుండా ప్యాచ్ ఫోల్డర్‌లో పెట్టి క్లాస్‌పాత్‌లో (జేవీఎం క్లాసుల కోసం వెతికే చోట్ల వరుసలో) ముందుంచండి: -సీపీ ప్యాచ్:యాప్.జార్. విండోస్‌లో కోలన్‌కు బదులు సెమీకోలన్. మొదట దొరికిన క్లాసే లోడవుతుంది. ఇక్కడ చాలామంది 'జావా -జార్ యాప్.జార్' కమాండ్‌కే -సీపీ జోడించి, ప్యాచ్ పనిచేయలేదని వాపోతారు. -జార్ ఇస్తే -సీపీని జేవీఎం లెక్కలోకే తీసుకోదు. మ్యానిఫెస్ట్‌లో మెయిన్ క్లాసు పేరు చూసి, ఆ పేరుతోనే నడపాలి. జేడీకే సొంత మాడ్యూల్‌లోని క్లాసైతే --ప్యాచ్-మాడ్యూల్ వాడాలి.

సంతకం చేసిన జార్ అయితే మరో అడ్డంకి. ప్యాచ్ ఫోల్డర్‌లోని క్లాసుకు సంతకం ఉండదు, అదే ప్యాకేజీలోని మిగతా క్లాసులకు ఉంటుంది. సైనర్ సమాచారం కలవడం లేదంటూ సెక్యూరిటీఎక్సెప్షన్ వస్తుంది. అప్పుడు జార్ కాపీ ఒకటి తీసుకుని, మెటా-ఇన్ఫ్‌లో ఎస్ఎఫ్, ఆర్ఎస్ఏ పొడిగింపులున్న సంతకం ఫైళ్లను తొలగించి, ఆ కాపీతోనే పరీక్షించండి.